వెనక గదికి వినిపించిన అధ్యాయాలు

ఫిబ్రవరి 4

పిడుగూ,

యాభై దాటినదాన్ని పట్టుకుని పిడుగేమిటని విసుక్కోకు. అక్కడ ఆస్పత్రిలో ఆపరేషన్ పనిముట్లు శుభ్రం చేసే గదికి నువ్వు పెద్దవని, నీ మాటకి నలుగురు నిలబడతారని నాకు తెలుసు. అయినా ఏడేళ్ళప్పుడు నా సిరాబుడ్డి ఒలకబోసి ఆ నేరం పిల్లి మీదికి తోసిన మనిషిని నేను మేడమ్ అని పిలవలేను.

ఇక్కడి విశేషం చెప్తాను. మన ముందుగదిలో ఆదివారం గోష్ఠి మొదలైంది. నేను, కింది వాటా టైలరు, రిటైరైన లెక్కల మాస్టారు, మందుల షాపాయన, మొత్తం నలుగురం. ఒక పాత మతగ్రంథంలో శుద్ధి నియమాల అధ్యాయాలు తీసుకున్నాం. ఏది తాకితే మైల, ఎన్నాళ్ళు మైల, ఏ గిన్నె కడిగితే చాలు, ఏ గిన్నె పగలగొట్టాలి, ఇవన్నీ చూడగానే జనం పేజీ తిప్పేస్తారు. ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, పేజీ తిప్పేయడం నా ఒంటికి పడదు. కూర్చుని చూస్తే ఒక్కొక్కటీ విచ్చుకుంటోంది. చావు జరిగిన గదిలో మూత లేని గిన్నె మైలపడుతుంది, మూత బిగించి కట్టిన గిన్నె మైలపడదు అని ఒక నియమం ఉంది. గిన్నె అంటే ఏమిటి? మన తెలివిడే. ఎదురుగా ఏది చచ్చి పడి ఉన్నా అది లోపలికి దిగకుండా కాపాడుకునే మెలకువ ఉందా లేదా అని అడుగుతోంది ఆ నియమం. ఇది చెప్పేసరికి లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తీశారంటే నెగ్గినట్టే లెక్క.

మైల ఒంటిది కాదు, మనసుది. ఇది నిలబెట్టడానికే పుస్తకం రాస్తున్నాను. మొదటి నోటుబుక్కు దీనితో పంపుతున్నాను. ఎర్ర పెన్సిలు పట్టుకుని జాలి లేకుండా దిద్ది తిరిగి పంపు. జాలి లేకుండా అని మాటవరసకి అన్నాను, కొంచెం ఉంచుకో.

మీ వదిన కోలుకుంటోంది. వెనక గదిలోకి తనే మారింది. కంచం, గ్లాసు కూడా వేరుగా పెట్టుకుంది. నేనేమీ అడ్డు చెప్పలేదు. పేగు ఆపరేషనంటే చిన్న విషయమా, లేచినవాళ్ళకి కొంత ఏకాంతం కావాలి. మనిషి లోపలివైపు తిరిగిందని నాకనిపిస్తోంది.

నీ అన్నయ్య


ఫిబ్రవరి 12

అన్నయ్యా,

నోటుబుక్కు చేరింది. నీ అక్షరాలు ఇప్పటికీ అచ్చు గుద్దినట్టున్నాయి. నా రాత చూసి నువ్వు తల పట్టుకోవడం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. తప్పులు దిద్దుకుంటూ చదువుకో, నీకూ కాలక్షేపం.

సగమే చదివాను. మా దగ్గర ఒకమ్మాయి ప్రసవానికి వెళ్ళింది, ఇంకొకామె మానేసింది. మిగిలింది నేనూ, ఇద్దరు కొత్తమ్మాయిలూ. మా గదికి రెండు వైపులు. మురికివైపు నుంచి నెత్తురు ట్రేలు వస్తాయి, కడిగి గోడలో ఉన్న ఆవిరి యంత్రంలో పెడతాం, అవతల శుభ్రంవైపు తీస్తారు. ఇటు చెయ్యి అటు పడకూడదు. కొత్తవాళ్ళకి నేను మొట్టమొదట నేర్పేది కత్తెర తెరిచి కడగమని. మూసి కడిగితే తళతళా మెరుస్తుంది, కీలులో నెత్తురు అలాగే ఉంటుంది.

అందుకేనేమో నీ పుస్తకంలో నాకొకటి తగిలింది. ఆ నియమాల్లో చాలావాటి చివర ఒకే మాట వస్తోంది, నీళ్ళతో కడుక్కోవాలి, సాయంత్రం వరకు మైల అని. నువ్వు ప్రతిచోటా ఆ వాక్యాన్ని దాటేసి అర్థంలోకి వెళ్ళిపోయావు. నాకు మటుకు అదే నచ్చింది. మైలకి గడువుంది, పొద్దువాలితే అయిపోయింది, ఇంటికెళ్ళి భోంచెయ్యొచ్చు. ఆ రాసినవాడెవడో చేత్తో పనిచేసినవాడే.

అసలు సంగతికి వస్తాను. మలం బయటికి రావడానికి వదిన పొట్ట పక్కన పెట్టిన దారికి అతికించే సంచులు నెలకి సరిపడా ఇచ్చి వచ్చాను. చర్మం ఎలా ఉంది? చుట్టూ ఎర్రబడిందా? ఏం తింటోంది? ఫోన్ చేస్తే తను ఎత్తడం లేదు, నువ్వెత్తితే నీకు వినబడదు, ఆఁ ఆఁ అని పెట్టేస్తావు. ప్రెస్సు మిషన్లు నీ చెవులు తినేశాయి, మా ఫోన్ బిల్లూ తింటున్నాయి. కాబట్టి ఉత్తరంలోనే రాయి. తాత్వికం తరువాత, ముందు చర్మం సంగతి.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 27

పిడుగూ,

నీ పార్సెలు చేరింది. ఇంకా దాని జోలికి పోలేదు. ధైర్యం చాలడం లేదని చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. నవ్వకు. ఈ వయసులో కొన్ని పనులకి మనసు కూడగట్టుకోవాలి.

ఈ మధ్యలో రెండో నోటుబుక్కు సగానికి వచ్చింది. ఇప్పుడు స్రావాల అధ్యాయంలో ఉన్నాం. ఒంట్లోంచి స్రావం కారే మనిషి పడుకున్న పడక మైల, కూర్చున్న చోటు మైల, ఆ పడకని తాకినవాడూ మైల. పైకి చూస్తే ఎంత కటువుగా ఉంది! కానీ కారిపోయేది ఏమిటి? మన ధ్యాస. పట్టు లేని మనసు రోజంతా కారిపోతూనే ఉంటుంది, ఎక్కడ కూర్చుంటే అక్కడ తన కలత అంటిస్తుంది. ఇలా చూస్తే ఆ అధ్యాయమంత దయగలది ఇంకొకటి లేదు. నేను నియమం చదువుతాను, తరువాత నలుగురం తలలు దగ్గర పెట్టుకుని అర్థం తేలుస్తాం. చదివేటప్పుడు నా గొంతు పెద్దదవుతోందట. కింద మిషను తొక్కుకుంటున్న టైలరు భార్యకి కూడా ఫలానా పడక మైల అని స్పష్టంగా వినబడిందట. నా చెవికి నా గొంతు ఆనదు, ఏం చెయ్యను?

మీ వదిన బాగానే ఉంది. తలుపు వేసుకుని ఉంటుంది. ఆదివారం మేం మొదలుపెట్టగానే వెనక గదిలో చప్పుడంతా ఆగిపోతుందని టైలరు చెప్పాడు. వింటోందన్నమాట. నిజం చెప్పాలంటే తను వినాలనే గోష్ఠి ఇంట్లో పెట్టాను.

చర్మం సంగతి అడిగావు. ఆవిడేమీ చెప్పలేదు. చెప్పలేదంటే బాగున్నట్టే కదా.

నీ అన్నయ్య


మార్చి 8

అన్నయ్యా,

పార్సెలు అందింది కాబట్టి సగం బెంగ తీరింది. ధైర్యం చాలలేదన్నావు, నాకేమీ నవ్వు రాలేదు. నిజం ఒప్పుకున్నందుకు సంతోషించాను. మా కొత్తమ్మాయిల్లో ఒకర్తి మొదటిరోజు ట్రే మూత తియ్యగానే పరిగెత్తుకెళ్ళి వాంతి చేసుకుంది. నేనేమీ అనను. వాంతి ఎవరికైనా వస్తుంది. రెండోరోజు వచ్చిందా లేదా అని మాత్రం చూస్తాను. వచ్చింది. ఇప్పుడు కూనిరాగం తీస్తూ కడుగుతోంది. నీకూ అంతే. ఒక్కసారి చేత్తో పట్టుకుంటే భయం పోతుంది.

అలాగని నీ నెత్తిన రుద్దడం లేదు. వదినకి మార్చుకోవడం వచ్చు, నేనే నేర్పాను. నువ్వు పక్కన కూర్చుంటే చాలు ముందు. నీ పుస్తకంలోనే ఉంది చూడు. మచ్చ వచ్చిన మనిషిని ఊరి బయట ఉంచినప్పుడు, వాడు బాగుపడ్డాడో లేదో చూడ్డానికి యాజకుడు, అంటే వాళ్ళ పూజారి, తనే లేచి బయటికి నడిచి వెళ్ళాలట. ఎవర్నో పంపడానికి వీల్లేదు. దగ్గరగా వెళ్ళి ఒంటి మీద మచ్చ ఎంత లోతుందో కళ్ళతో చూడాలి. అంత పెద్దమనిషే వెళ్ళి చూశాడు. నువ్వు ఈ నెలలో ఎన్నిసార్లు ఆ గదిలోకి వెళ్ళావు?

ఏం తింటోందని అడిగాను, దానికి జవాబు రాలేదు.

నీ చెల్లెలు


మార్చి 17

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ముఖాన కొట్టినట్టే ఉంది. నా నోటుబుక్కు చదివితే వాంతి వచ్చిందని చెప్పడానికి కొత్తమ్మాయిని అడ్డం పెట్టుకోవాలా? నీ దిద్దుబాట్లు చూడ్డానికి ధైర్యం చాలలేదని నేను మనసు విప్పి రాస్తే, రెండోరోజు అలవాటవుతుందంటావా? జన్మంతా ఇతరుల తప్పులు దిద్దినవాడికి తన రాత మీద ఎర్ర గీతలు చూడాలంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు. నువ్వు పంపిన అట్టపెట్టె బీరువా మీదే ఉంది. టేపు కూడా ఊడదియ్యలేదు, ఇక తియ్యను కూడా. నోటుబుక్కులో ఉన్న రెండు వందల పేజీలకి ఇంత బరువు పెరిగిందంటే నువ్వెంత రాశావో తెలుస్తూనే ఉంది.

ఎన్నిసార్లు గదిలోకి వెళ్ళావని నిలదీశావు. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు ఆ తలుపు వేసిందెవరు? ఇది ఆడవాళ్ళ పని, నువ్వు బయట కూర్చో అన్నదెవరు? రెండు రోజులు ఉన్నావు, రెండు రోజులూ నేను బయటే కూర్చున్నాను. నువ్వు వెళ్ళాక తలుపు తియ్యమని నాకెవరూ చెప్పలేదు.

నన్ను నువ్వు అర్థం చేసుకోకపోయినా మీ వదిన చేసుకుంది. పన్నెండు రోజులై ఉపవాసంలాంటిది చేస్తోంది. పొద్దున్న అరగ్లాసు పాలు, సాయంత్రం రెండు చెంచాలు ఏదో. ఒకరోజు భోజనం గుమ్మంలో పెట్టి, ఎందుకిలా చేస్తున్నావని అడిగాను. తలుపు అవతల నుంచి, ‘లోపలికి ఏదీ వెళ్ళకపోతే బయటికి రాదు కదండీ’ అంది. ఆదివారం ఆ మాట గోష్ఠిలో చెప్తే లెక్కల మాస్టారు కాగితం తీసి రాసుకున్నారు. మేం నలుగురం రెండు నెలలు తవ్వినా అందనిది ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. పాత దుప్పట్లు కూడా చింపేసి ముక్కలు ఉతికి ఆరేస్తోంది. వస్తువుల మీద మమకారం పోతోంది. మొన్న గోడ పట్టుకుని నడవడం చూశాను. ఉపవాసంలో మొదట్లో అలాగే ఉంటుందని మందుల షాపాయన అన్నాడు.

నాకింక సలహాలు రాయకు.

అన్నయ్య


మార్చి 20

అన్నయ్యా,

ఆ పెట్టెలో నీ నోటుబుక్కు లేదు. నీ నోటుబుక్కు నా మంచం పక్కన ఉంది, ఇంకా నలభై పేజీలు చదవాలి.

ఆ పెట్టెలో ఉన్నవి వదిన సంచులు. రెండు నెలలవి. చర్మానికి రాసే పూత, పొడి, నేను వదినకి రాసిన ఉత్తరం. తను కొరియరతనికి తలుపు తియ్యదని నీ పేరు మీద పంపాను. మూడు వారాలుగా బీరువా మీద పెట్టావు.

వదిన చేస్తోంది ఉపవాసం కాదు. సంచులు అయిపోయాయి. తింటే బయటికి వస్తుంది, వస్తే పట్టడానికి ఏమీ లేదు, అందుకని తినడం మానేసింది. తను నీకు చెప్పింది అదే. ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని మీరు కాగితం మీద రాసుకున్నారు. దుప్పటి ముక్కలు ఎందుకో ఇప్పటికైనా తెలిసిందా? ఆ దారి ఉన్నవాళ్ళకి ఒంట్లో నీళ్ళు ఇట్టే పోతాయి. తినకుండా తాగకుండా పన్నెండు రోజులంటే ప్రాణం మీదికి వస్తుంది.

నీ ఉత్తరం చదువుతూనే టైలరు షాపుకి ఫోన్ చేశాను. ఇది నీకు చేరేలోపు అతను పైకి వచ్చి నీ తలుపు కొట్టే ఉంటాడు. అతను చెప్పినట్టు చెయ్యి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళు. నాకు సెలవివ్వడం లేదు, ఇవ్వకపోయినా వస్తాను, వదిన ఎలా ఉందో ఒక్క ముక్క తెలియనీ.

చెల్లెలు


మార్చి 26

అమ్మా చెల్లీ,

టైలరు ఫోన్లో నీకు చెప్పే ఉంటాడు, ప్రాణానికి భయం లేదు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కిడ్నీలు పోయేవని డాక్టరమ్మ నా కళ్ళలోకి చూసి చెప్పింది. నిన్న ఇంటికి తెచ్చాం. నువ్వు ఇప్పుడే రావద్దని, తనకి కొన్నాళ్ళు ఎవరినీ చూడాలని లేదని మీ వదిన చెప్పమంది.

జరిగింది నీకు రాయాలి. టైలరు వచ్చినప్పుడు నేను మూడో నోటుబుక్కు దిద్దుకుంటున్నాను. తలుపు కొట్టడం నాకు వినబడలేదు, లోపలికి వచ్చి భుజం పట్టుకుని ఊపాడు. ఇద్దరం వెనక గదిలోకి వెళ్ళాం. నేను ఏం చూస్తానోనని భయపడ్డానో అది లేదు. కిటికీ తీసి ఉంది, నేల తుడిచి ఉంది, సబ్బు వాసన వస్తోంది. మీ వదిన నేల మీద పడుకుని ఉంది. సంచి ఉండాల్సిన చోట మామూలు పాలిథిన్ కవరు, చుట్టూ పార్సెళ్ళకి వేసే టేపు. టేపు లాగినచోటల్లా చర్మం ఊడిపోయి పచ్చిగా ఉంది. ‘టైలరుగారిని బయటికి వెళ్ళమనండి’ అంది ముందు. నన్ను చూసి, ‘మీరూ’ అంది.

ఆస్పత్రిలో కొంచెం తేరుకున్నాక ఒక్కొక్కటీ అడిగాను. పార్సెలు వచ్చిన రోజు తలుపు సందులోంచి చూసిందట, పెట్టె మీద నీ రాత గుర్తుపట్టింది. నేను తెచ్చి ఇస్తానని కూర్చుంది. ఆ రోజు పోయింది, మర్నాడు పోయింది. నేను దాన్ని బీరువా మీద పెట్టి ఊరుకున్నాను. స్టూలెక్కితే కుట్లు లాగుతాయి, తనకి అందదు. అడగొచ్చు కదా అన్నాను. ‘ఇవ్వడం ఇష్టం లేక పైన పెట్టారనుకున్నాను. అడిగి లేదనిపించుకోవడం ఎందుకు’ అంది.

మంచం వదిలేసి నేల మీద ఎందుకు పడుకున్నావన్నాను. అప్పుడు చెప్పింది. ఆదివారాలు నా గొంతు గోడ దాటి వచ్చేది. కారుతున్నవాళ్ళు పడుకున్న పడక మైల, కూర్చున్న చోటు మైల, తాకినవాడు మైల. అంతవరకే వచ్చేది. ఆ తరువాత మేం తలలు దగ్గర పెట్టుకుని మెల్లిగా మాట్లాడుకున్నదేదీ ఆవిడకి చేరలేదు. వారం వారం నలుగురు మగవాళ్ళు కూర్చుని తన ఒంటి గురించి చట్టం చదివించుకుంటున్నారనుకుంది. తనకి చెప్పడానికే నేను గొంతు పెంచుతున్నాననుకుంది. కంచం వేరు పెట్టుకుంది, గ్లాసు వేరు పెట్టుకుంది, ఆఖరికి మంచం దిగింది. నేను దాన్ని వైరాగ్యమని నీకు రాశాను.

నీకు రాయనిది ఇంకొకటుంది. తను వెనక గదిలోకి తనే మారిందని రాశాను. ఊరికే మారలేదు. జనవరిలో ఒక మధ్యాహ్నం సంచి ఊడిపోతే నన్ను పిలిచింది. వెళ్ళాను. చూసి మొహం తిప్పుకున్నాను. డోకు వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎవరినైనా పిలుస్తానని బయటికి వచ్చి ఎవరినీ పిలవలేదు, వీధి చివరిదాకా నడిచి వెళ్ళి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి తను అన్నీ కడిగేసుకుని సామాను వెనక గదికి మార్చుకుంటోంది. ఆ మరుసటి ఆదివారమే గోష్ఠి మొదలుపెట్టాను. మైల ఒంటిది కాదు, మనసుది అని ఆవిడకి చెప్పాలనుకున్నాను. ఎదురుగా నిలబడి చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఇక్కడున్న రెండు నోటుబుక్కులూ కట్టకట్టి పాత పేపర్ల పక్కన పెట్టాను. నీ దగ్గర ఉన్నది కూడా పారెయ్యి. నాకు నా మీద అసహ్యంగా ఉంది.

అన్నయ్య


మార్చి 31

అన్నయ్యా,

కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నీ ఉత్తరం చదివి మురికివైపు స్టూలు మీద కూర్చుని ఏడ్చాను, కొత్తమ్మాయి కంగారుపడి నాకు నీళ్ళు తెచ్చింది. మూడు వారాలు, అన్నయ్యా. నువ్వు ఆ బీరువా పక్కనుంచే నడుస్తూ ఉన్నావు.

అయితే తలుపు వేసింది నేనే. అది నువ్వు అక్కసుతో రాసినా నిజమే రాశావు. ఆ రోజు నువ్వు గుమ్మందాకా వచ్చావు, చేతిలో వేడినీళ్ళ గిన్నె, చంకలో తువ్వాలు. కూడా ఉంటానన్నట్టు నిలబడ్డావు. నేను గిన్నె అందుకుని నిన్ను బయటికి నెట్టాను. మా గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఒక గీత కాపలా కాస్తున్నదాన్ని, ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు. ఇంట్లోనూ అదే గీత గీసి వచ్చాను. వదిన అప్పుడు ‘ఆయన్ని ఉండనియ్యండి’ అని మెల్లిగా అంది. నేను విననట్టు ఊరుకున్నాను, పని త్వరగా అవ్వాలని. ఈ మాట ఇంతవరకు నీకు చెప్పలేదు. అందుకు నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

నోటుబుక్కు పారెయ్యను, దీనితో తిరిగి పంపుతున్నాను. నీ అర్థాలు తప్పని నేననను. మూత బిగించిన గిన్నె సంగతి చదివి ఒకరోజంతా దాని గురించే ఆలోచించాను. మనసుకి మైల ఉందన్నావు, ఉంది. మా గదిలో కూడా చేతులు కడుక్కున్నాక మిగిలిపోయే మురికి నేను చూస్తూనే ఉంటాను. ఫలానా ట్రే నేను సరిగ్గా కడగలేదేమోనన్న భయం ఏ ఆవిరికీ చావదు. కాకపోతే నువ్వు నియమంలోంచి ఒంటిని తీసేసి మనసుని పెట్టావు. ఒళ్ళు ఎక్కడికి పోతుంది? వెనక గదిలోకి పోయింది.

వదినకి నీ నోటుబుక్కులు ఎప్పుడైనా చూపించావా? అవి తన గురించి రాసినవే కదా. పాత పేపర్లవాడికి ఇచ్చే ముందు తనని అడుగు.

పూత పలచగా రాయాలి, మందంగా రాస్తే సంచి అతకదు. చర్మం పూర్తిగా ఆరాకే అతికించాలి. వదిన చేతులు ఇంకా వణుకుతుంటే ఎవరు చేస్తున్నారు?

నీ చెల్లెలు


ఏప్రిల్ 9

పిడుగూ,

నీ ప్రశ్నకి జవాబు ముందు రాస్తాను. మొదటి రెండు వారాలు ఆస్పత్రి నుంచి ఒక నర్సు వచ్చి చేసి వెళ్ళేది. నిన్నటి నుంచి ఆమె రావడం లేదు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. చదవమంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, లోపలికి రమ్మనలేదు. గొంతు తగ్గించమని నాలుగుసార్లు చేత్తో సైగ చేసింది. మూడు రోజులు పట్టింది మూడు నోటుబుక్కులకి. నియమమూ చదివాను, గోడ దాటని అర్థమూ చదివాను. కళ్ళు మూసుకుని వింది. ఒకటి రెండుచోట్ల తలూపింది కూడా, నేను ఉబ్బిపోయాను. అంతా అయ్యాక, ‘చాలా బాగా రాశారు’ అంది. కళ్ళు తెరిచి, ‘ఇందులో నేనెక్కడున్నాను?’ అంది. నేను పేజీలు తిప్పాను. ఆరు వందల పేజీలు పిడుగూ, పడక ఉంది, గిన్నె ఉంది, ఒంటి మచ్చ ఉంది, స్రావం ఉంది. ఆవిడ లేదు. దొరకలేదని చెప్పాను. లేచి వచ్చి నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని పక్కన పెట్టింది.

నన్ను క్షమించమని అడిగాను. ‘అది ఇప్పుడు నన్ను అడక్కండి, నాకే తెలియదు’ అంది. నువ్వు తలుపు వేసినప్పుడు తను అన్న మాట కూడా చెప్పాను, నువ్వు ఒప్పుకున్నావని చెప్పాను. అది విని గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకా వెనక గదిలోనే ఉంటోంది. కంచం ఇంకా వేరే. గోష్ఠి మానేశామని టైలరు అందరికీ చెప్పాడు. లెక్కల మాస్టారు ఆ రాసుకున్న కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నర్సు రావడం మానేసిన రోజు తనే చేసుకోబోయింది. చెయ్యి వణికి రెండు సంచులు పాడయ్యాయి. గుమ్మంలో నిలబడి, నేను చేస్తానన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది. జనవరి మొహం వెతుకుతోందని నాకు తెలుసు. ‘మళ్ళీ పుస్తకంలో రాసుకోడానికా?’ అంది. కాదన్నాను. ‘దీనికేదో అర్థం ఉందని నాకు చెప్పకూడదు’ అంది. చెప్పనన్నాను. ‘రేపు పొద్దున్న తొమ్మిదింటికి రండి, కళ్ళజోడు పెట్టుకుని రండి’ అంది.

వెళ్ళాను. లోపల ఏం చూశానో నీకు రాయను, మాటిచ్చాను. నీకు కావలసిన ముక్క మాత్రం రాస్తాను. చర్మం ఎర్రగానే ఉంది కానీ పచ్చి ఆరింది. పూత పలచగానే రాశాను. మొదటిది వంకరగా అతికించాను, ఊడిపోయింది. నా చేతుల మీద పడింది. ఆవిడ నా మొహమే చూస్తోంది. నేను వెళ్ళి చేతులు కడుక్కుని మళ్ళీ వచ్చాను. రెండోది పెడుతుంటే భయంభయంగా వేళ్ళతో అద్దుతున్నాను. ‘గట్టిగా నొక్కండి, నేనేం ప్రూఫు కాగితాన్ని కాదు చిరిగిపోవడానికి’ అంది. ముప్పై ఏళ్ళుగా ఎరిగిన గొంతు అది, మూడు నెలలై వినలేదు. నాకు కళ్ళు కనబడలేదు, కళ్ళజోడు పెట్టుకున్నా లాభం లేకపోయింది.

మధ్యాహ్నం భోజనం తీసుకెళ్ళాను. గుమ్మంలో పెట్టి వచ్చేవాణ్ణి, ఇవాళ లోపలికి తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నాలుగు ముద్దలు లెక్కపెట్టుకుని తిని కంచం తోసేస్తోంది. ఇవాళా నాలుగే తింది. కంచం వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది.

‘ఇంకా తింటే సాయంత్రం మళ్ళీ మార్చాల్సొస్తుంది’ అంది.

‘మారుస్తాను’ అన్నాను.

‘ఊడిపోతే?’

‘మళ్ళీ పెడతాను.’

కంచం నా వైపు జరిపి, ‘అయితే ఇంకొంచెం పెట్టండి’ అంది.

నీ అన్నయ్య